వెబ్‌సైటుకు నేను రహస్యంగా పెట్టిన పేరు

ఆళ్లగడ్డ శిల్పులు తరాల తరబడి సంపాదించుకున్న పరువును రోడ్డు మీద పెట్టడానికి ఒక్క మనిషి చాలు. ఆ మనిషికి ఉలి పట్టుకోవడం కూడా రానక్కర్లేదు. ఈ రెండు సంగతులనూ నేను కొన్నేళ్ల కింద స్వయంగా నిరూపించాను. ఎలాగో చెబుతాను. నవ్వుకోండి, నాకేం అభ్యంతరం లేదు. అప్పట్లో అహోబిలం పోయే జీపులవాళ్లంతా నవ్వారు, మీరు నవ్వితే కొత్తగా పోయేదేముంది.

నా పేరు బ్రహ్మం. రాతి విగ్రహాలు చెక్కే కుటుంబం మాది. చెక్కేది మా నాయన. అమ్మేది నేను. అనుమానించేదీ నేనే. బస్సులో కండక్టరు చిల్లర సరిగ్గా ఇస్తే, వెంటనే ఇచ్చాడేమిటని నోట్లను వెలుతురుకు పెట్టి చూసేవాణ్ణి. మా ఆవిడ కాఫీలో చక్కెర కాస్త ఎక్కువ వేస్తే, ఏం అడగబోతోందోనని గ్లాసు కింద పెట్టి కూర్చునేవాణ్ణి. కాఫీ చల్లారిపోయేది. ఆమె ఏమీ అడిగేది కాదు. అడగకపోవడం మరీ అనుమానంగా ఉండేది.

ఇలాంటి మనిషి కళ్ల ముందు ఒకరోజు బెంగుళూరు కారొకటి వచ్చి, మా రేకుల షెడ్డు దాటిపోయి, నాలుగు షెడ్ల అవతల ఓబులేసు షెడ్డు ముందు ఆగింది. ఓబులేసు మా మేనత్త కొడుకు, నాకు బావ. అతనిదీ విగ్రహాల అంగడే. కారులో వచ్చినవాళ్లు మూడడుగుల వినాయకుణ్ణి బేరం చేసుకుని తిరిగిపోతుంటే నేను అడ్డం పోయి అడిగాను.

"ఏం సార్, మా అంగడి ముందే గదా వచ్చేది. దాటుకోని పోతిరే."

"నెట్‌లో ఆళ్లగడ్డ విగ్రహాలు అని వెతికినాం. ఆయనదే వచ్చింది. మీది రాలేదు."

రాలేదంటే అర్థం ఏమిటి? ఎవరో రాకుండా చేశారని. నేను చెప్పులు కూడా సరిగ్గా తొడుక్కోకుండా బావ దగ్గరకు పోయాను.

"ఏం బావా, నా అంగడి నెట్‌లో కనపడకుండా ఏం చేసినావు?"

అతను ఏనుగు తొండానికి నునుపు పెడుతున్నాడు. తల ఎత్తలేదు.

"నీ అంగడి నెట్‌లో యాడుందప్పా, నేను దాసిపెట్టేదానికి?"

"అంటే?"

"అంటే నీకు వెబ్‌సైటు లేదు. నంద్యాలలో సలోమి అని ఒకమ్మ ఉండాది. పాస్టరు గారి బిడ్డ. నాకు ఆమే చేసిచ్చింది. పోయి చేపిచ్చుకో."

పోటీ అంగడివాడు మనకు మంచి దారి ఎందుకు చెబుతాడు? ఇందులో ఏదో ఉందనుకున్నాను. అయినా నాకు తెలిసిన ఇంకో దారి లేదు కాబట్టి, మరుసటి రోజు పొద్దున్నే నంద్యాల బస్సెక్కాను.

బస్సులో నా పక్క సీటు పెద్దమనిషి విత్తనాల వ్యాపారి. మాటల్లో నా పని చెప్పాను. ఆయన అటూ ఇటూ చూసి, నా చెవి దగ్గరికి వచ్చాడు.

"పేరు జాగ్రత్తప్పా. పేరు నీదని రాపించుకునే లోపల బయట ఎవరికీ చెప్పొద్దు. చెప్తే వాళ్లు ముందే రాపించుకుంటారు. ఇంక ఆ పేరు మీద నువ్వు అంగడి పెట్టల్లన్నా వాళ్లనే అడుక్కోవల్ల."

నా జీవితంలో నన్ను పూర్తిగా అర్థం చేసుకున్న మనిషి ఆయనొక్కడే అనిపించింది. బస్సు దిగగానే ఒక చీటీ మీద నేననుకున్న పేరు రాసి, నాలుగు మడతలు పెట్టి, చొక్కా లోపలి జేబులో దాచుకున్నాను.

సలోమి కంప్యూటరు సెంటరు చిన్న గది. ఆమెకు ముప్పై ఏళ్లుంటాయేమో, నెమ్మదైన మనిషి. కుర్చీ చూపించి, మంచినీళ్లిచ్చి, విషయం చెప్పింది.

"ముందు పేరు రిజిస్టరు చేసుకోవాలన్నా. అది మీ పేరు మీద, మీ ఈమెయిలుతో, మీ ఫోను నంబరుతోనే చేసుకోండి. నా పేరు మీద వద్దు. రేపు నేను ఉన్నా లేకపోయినా అది మీదిగానే ఉండాల."

ఇంతకంటే నిజాయితీగా ఎవరూ మాట్లాడలేరు. నాకేమో, ఈమె ఎందుకింత నిజాయితీగా మాట్లాడుతోందనిపించింది.

"పేరేమనుకున్నారన్నా?"

"అనుకున్నాను."

"చెప్పండి, కొడతాను."

"నేనే కొడతా. నువ్వు అట్ల తిరుక్కో అమ్మా."

ఆమెకు మొదట అర్థం కాలేదు. నేను గోడవైపు చూపించాను. ఆమె ఒక నిమిషం నన్ను చూసి, కుర్చీని గోడవైపు తిప్పుకుని కూర్చుంది. గోడ మీద బైబిలు వాక్యం రాసిన క్యాలెండరు ఉంది. దాన్ని చదువుకుంటున్నట్టుంది.

చీటీ విప్పి, ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ, ఒంటి వేలితో కొట్టాను. ఆళ్లగడ్డ రాతి బొమ్మలు. మొత్తం ఇంగ్లీషు అక్షరాల్లో, మధ్యలో జాగా లేకుండా, ఒకటే పదంగా. ఆళ్లగడ్డ రాయడం ఊరి బోర్డుల మీద చూసిందే. రాతి అనేదానికి ఆర్, ఏ, టి, హెచ్, ఐ. ఆ తర్వాత బొమ్మలు.

మీలో కొందరు ఇప్పటికే నవ్వుతున్నారని నాకు తెలుసు. కాస్త ఓపిక పట్టండి. నాకప్పుడు తెలియలేదు.

"అన్నా, స్పెల్లింగు ఒక్కసారి నేను చూసేదా? ఒకసారి రిజిస్టరైతే మార్చేదానికి కాదు, కొత్తది తీసుకోవల్సిందే," అంది సలోమి గోడకు.

"వద్దు. నాకు స్పెల్లింగులు వస్తాయి."

పేరు ఖాళీగానే ఉందని తెర మీద పచ్చ రంగులో వచ్చింది. ఇక్కడ నన్ను నేను ఎంత తిట్టుకున్నా తీరదు. చిల్లరను అనుమానించాను, కాఫీని అనుమానించాను, మంచినీళ్లిచ్చిన మనిషిని గోడకు తిప్పి కూర్చోబెట్టాను. ఇంత మంచి పేరు ఇన్నాళ్లూ ఎవరూ తీసుకోకుండా ఎందుకుందని మాత్రం నాకు అనుమానం రాలేదు. ఫోనుకు వచ్చిన ఓటీపీని చెయ్యి అడ్డం పెట్టుకుని కొట్టాను. పేరు నాదైపోయింది.

అప్పుడు సలోమిని ఇటు తిరగమన్నాను. ఆమె తెర చూసింది. ఏదో అనబోయింది. నా ముఖం చూసి ఆగింది. ఆ ఆగడం కూడా నాకు ఓర్వలేనితనంలా కనిపించింది.

తర్వాత ఆమె చెప్పవలసినవన్నీ చెప్పింది. పేరు ఉన్నంత మాత్రాన నెట్‌లో కనిపించదట. వెతికేవాళ్లు ఏ మాటలు కొడతారో ఆ మాటలు మన పేజీలో ఉండాలట. ప్రతి విగ్రహం ఫోటో కింద అదేమిటో, ఎన్ని అడుగులో, ఏ రాయో రాయాలట. మ్యాపులో అంగడి పెట్టాలట. కొన్నవాళ్లను నాలుగు మంచి మాటలు రాయమనాలట. ఇవన్నీ చేసినా పైకి రావడానికి నెలలు పడుతుందట.

"నెలలా? మా బావది ఎట్ల పైన ఉండాది?"

"ఆయనది మూడేండ్ల నుంచి ఉందన్నా. ప్రతి బొమ్మ గురించీ ఆయనే కూర్చోని రాసినాడు."

నేను నమ్మలేదు. కానీ నా వెబ్‌సైటు తయారైన కొద్ది వారాలకే ఒక అద్భుతం జరిగింది. నాకు ఫోన్లు మొదలయ్యాయి. బావకు మూడేళ్లు పట్టిందే, నాకు మూడు వారాలే పట్టింది. ఆ సంతోషంలో అదే పేరును ఇంగ్లీషు అక్షరాల్లో పెద్ద బోర్డు రాయించి షెడ్డు మీద పెట్టించాను. విజిటింగు కార్డులు కూడా కొట్టించాను.

ఫోన్లు మాత్రం కాస్త వింతగా ఉండేవి. మాట్లాడేవాళ్లందరూ మగవాళ్లే, అందరిదీ గుసగుసే.

"హలో... బొమ్మలు అమ్మేది మీరేనా?"

"మేమే. ఏం బొమ్మ కావల్ల?"

"అదే... మీ పేరులో ఉండేదే."

"అన్నీ ఉండాయి. ఎన్ని అడుగులది కావల్ల?"

అవతల నిశ్శబ్దం.

"అడుగులా?"

"రెండు అడుగుల నుంచి తొమ్మిది అడుగుల దాంకా చేస్తాం."

ఇంకా పెద్ద నిశ్శబ్దం.

"బరువుంటాయా?"

"రెండడుగులదే నలుగురు మోయల్ల."

ఫోను పెట్టేశాడు. ఇంకొకాయన గొంతు మరీ లోతుగా ఉంది. బాత్రూములో నుంచి మాట్లాడుతున్నాడేమో, మాట మారుమోగింది.

"ఇంట్లోవాళ్లకు తెలియకుండా పంపిస్తారా?"

"లారీలో వస్తాది. క్రేను పెట్టి దించల్ల. తెలియకుండా ఎట్లప్పా?"

అతనూ పెట్టేశాడు.

నేను ఆలోచించాను. గుసగుసలు, పేరు చెప్పకపోవడం, అడుగులు అనగానే పెట్టేయడం. ఇదంతా రేట్లు తెలుసుకోవడానికి మా బావ చేయిస్తున్న గూఢచర్యం. అంతే తప్ప ఇంకేమీ కాదు. ఆ రోజు నుంచి ఫోను ఎత్తగానే, "ఓబులేసు మాట్లాడమన్నాడా?" అని అడగడం మొదలుపెట్టాను. అవతలివాళ్లు అదేదో రహస్య సంకేతం అనుకుని, "ఆ, ఆయనే," అనేవాళ్లు. నా అనుమానం రుజువైపోయేది.

మరోపక్క బోర్డు ముందు జనం. అహోబిలం పోయే జీపులు మా షెడ్డు దగ్గరకు రాగానే నెమ్మదించేవి. కుర్రాళ్లు దిగి, బోర్డు కింద నిలబడి ఫోటోలు తీసుకునేవాళ్లు. పడీ పడీ నవ్వేవాళ్లు. పుణ్యక్షేత్రానికి పోయే సంతోషం అనుకున్నాను. ఒక గుంపుకు అందరూ ఫోటోలో పట్టకపోతే, నేనే వాళ్ల ఫోను తీసుకుని ఫోటో తీశాను. "బోర్డు మొత్తం వచ్చేటట్లు తీయన్నా," అన్నారు. జాగ్రత్తగా అలాగే తీశాను.

బావ ఒకరోజు దారిలో ఎదురయ్యాడు.

"బ్రమ్మం, నీ బోర్డు ఒకతూరి గెట్టిగా చదువప్పా."

"నాకు చదువొచ్చు."

"వచ్చు లే. బయటికి చదువు. చెవికి వినపడేటట్లు."

"నీ కడుపుమంట నాకు తెలుసు బావా. నా బోర్డు పెద్దదిగా ఉండాది, నీది చిన్నది."

అతను నా వైపు జాలిగా చూసి వెళ్లిపోయాడు. ఇంకో రెండుసార్లు కూడా చెప్పబోయాడు. నేను వాళ్ల షెడ్డు ముందు నుంచి పోవడమే మానేశాను.

తర్వాత సలోమి ఫోను చేసింది.

"అన్నా, మీ వెబ్‌సైటుకు ఎవరెవరు ఏం వెతుక్కుంటూ వస్తున్నారో లిస్టు వచ్చింది. మీరొకసారి వచ్చి చూడండి."

"ఎక్కువమంది వస్తాండారా, తక్కువా?"

"చానామంది వస్తున్నారు. అదే నాకు భయం."

"మంచిదే గదా. భయమేమిటికి?"

"వాళ్లు వెతికే మాటలు... నాకు చెప్పేదానికి నోరు రాదన్నా. పేరు మారుద్దాం. కొత్తది తీసుకోండి."

కొత్తది తీసుకోవాలంటే మళ్లీ ఆమెకు పని. పని అంటే ఫీజు. ఆమెకు నోరు రాకపోవడానికి కారణం నాకు క్షణంలో తెలిసిపోయింది. "వ్యాపారం బాగా జరిగేటప్పుడు పేరు మార్చమంటే ఎట్లమ్మా," అని పెట్టేశాను.

ఇంత జరిగాక, గడివేముల వైపు ఒక ఊరి నుంచి గుడి కమిటీవాళ్లు ఐదుగురు మా షెడ్డుకు వచ్చారు. కొత్తగా ఆంజనేయస్వామి గుడి కడుతున్నారు. ఏడడుగుల స్వామి, ముందు మంటపానికి ఎనిమిది స్తంభాలు. మా నాయన ఆ వయసులో చెక్కగలిగిన ఆఖరి పెద్ద పని అదే కావచ్చునని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. వాళ్లు వస్తున్నారని నాయన పొద్దున్నే స్నానం చేసి, ఉతికిన పంచె కట్టుకుని, నల్లరాతి దిమ్మ దగ్గర కూర్చుని ఉన్నాడు. ఎప్పుడూ లేనిది, మధ్యమధ్య చేతులు తుడుచుకుంటున్నాడు.

కమిటీ పెద్ద శివారెడ్డి. ఆయన పక్కనే కళ్లద్దాలు పెట్టుకున్న మరొకాయన, హైస్కూలులో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మాస్టారు. వాళ్ల కళ్లన్నీ రాళ్ల మీదే, పైనున్న బోర్డు ఎవరూ చదవలేదు. మాటలన్నీ సాఫీగా జరిగాయి. రాయి చూశారు, నచ్చింది. స్వామి ముఖం ఎలా ఉండాలో నాయన చెప్పాడు, నచ్చింది. నేను నోరు మూసుకుని ఉంటే సరిపోయేది.

"మేము ఇంతకుముందు చేసిన పనులన్నీ మా వెబ్‌సైటులో ఉండాయి సార్. చూడండి," అని నేను మాస్టారి చేతికి కార్డు ఇచ్చాను.

మాస్టారు కళ్లద్దాలు సర్దుకున్నారు. బడిలో పాఠం చదివించినట్టు, ముక్కలు ముక్కలుగా విరుస్తూ, అందరికీ వినిపించేలా చదివారు.

"ఆళ్లగడ్డ... రతి... బొమ్మలు."

పక్క షెడ్డులో రాయి కోసే మిషను సరిగ్గా అప్పుడే ఆగింది.

"ఇంకొకతూరి చదవండి సార్," అన్నాడు శివారెడ్డి.

మాస్టారు ఇంకోసారి చదివారు. మార్పేమీ లేదు.

అప్పుడు, జీవితంలో మొట్టమొదటిసారి, నేను పెట్టిన పేరు నా చెవికి వినిపించింది. రాతిలో ఇంగ్లీషు ‘ఏ’ రెండుసార్లు పెట్టవలసిన చోట ఒక్కటే పెట్టాను. గుసగుసల ఫోన్లు, బాత్రూము గొంతు, బోర్డు కింద నవ్వులు, సలోమికి రాని నోరు, అన్నీ ఒకదాని వెనక ఒకటి వచ్చి నా ముందు నిలబడ్డాయి. ఆ మధ్యలో నేను శ్రద్ధగా తీసిచ్చిన ఫోటో కూడా ఉంది.

"దేవుని పని చేస్తామంటిరి. ఇదేందప్పా?" అన్నాడు శివారెడ్డి. ఆయన గొంతు పెరగలేదు. పెరిగి ఉంటే బాగుండేది.

నాయనకు ఇంగ్లీషు రాదు. అందరి ముఖాలూ చూసి అడిగాడు.

"ఏమంట?"

"రతి బొమ్మలంట, మేస్త్రీ," అన్నారు మాస్టారు, ఇబ్బందిగా.

నాయన చేతిలో ఉలి పక్కన పెట్టాడు. నేను తల వంచుకున్నాను. ఆయన ముఖం చూసే ధైర్యం లేకపోయింది.

"రతీదేవిని ఒక్కదాన్నే చెక్కకూడదు సార్," అన్నాడు నాయన నిదానంగా. "పక్కన మన్మథుడు ఉండల్ల. చేతిలో చెరుకు విల్లు, పూల బాణాలు. చిలకను కూడా చెక్కల్ల. మా తాత చెక్కినాడు, నేనూ నేర్చుకున్నా. స్తంభానికి బాగుంటాది."

కమిటీవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"కానీ మీరు కట్టేది ఎవరి గుడి?" అన్నాడు నాయన. గొంతు కాస్త గట్టిపడింది.

"ఆంజనేయస్వామిది," అన్నాడు శివారెడ్డి.

"ఆయప్ప బ్రహ్మచారి. ఆయన గుడి స్తంభాలకు ఆ బొమ్మలు అడగొచ్చునా మీరు? పెద్దోళ్లు, తెలిసినోళ్లు. ఎన్ని దుడ్లు ఇచ్చినా నేను ఆ పని చేయను. వేరేవాళ్లతో చేపిచ్చుకోండి."

"మేము అడగలేదు మేస్త్రీ," అన్నాడు శివారెడ్డి కంగారుగా.

"ఇప్పుడే గదా సారు అడిగినాడు."

"నేను అడగలేదు, చదివినా," అన్నారు మాస్టారు.

"ఏదో ఒకటి. ఆ మాట వదిలేయండి ఇంక."

వదిలేశారు. నిజంగానే వదిలేశారు. తప్పు చేసినవాళ్లలా కాసేపు కూర్చుని, ఇంత నిష్ఠ గల మేస్త్రీని ఎక్కడా చూడలేదని తమలో తాము అనుకుని, స్వామినీ స్తంభాలనూ నాయనకే అప్పగించి లేచారు. పోయేటప్పుడు మాస్టారు నన్ను పక్కకు పిలిచి, కార్డు నా చేతిలో పెట్టి, "ఇంకొక ‘ఏ’ పెట్టించప్పా," అని మాత్రం అన్నారు.

వాళ్ల వాహనం మలుపు తిరగకముందే నేను నిచ్చెన వేసుకుని బోర్డు దించేశాను. తర్వాత బావ దగ్గరకు పోయాను.

"ఎందుకు బావా, చెప్పకపోతివి?"

"మూడు తూర్లు చెప్తి. నీ బోర్డు పెద్దదంటివి."

మరుసటి రోజు సలోమి దగ్గరకు పోయి అదే మాట అడిగాను. ఆమె కోప్పడకుండా చెప్పింది.

"గోడవైపు తిప్పితిరి గదన్నా నన్ను. పేరు చూసేటప్పటికే అయిపోయింది. సరేలే, కావాలనే పెట్టుకున్నారేమో, పాస్టరు బిడ్డను, నాకెందుకు అనుకున్నా."

కొత్త పేరు ఆమే సూచించింది. శిలలు అని వచ్చేటట్లు, ఎటు విరిచి చదివినా ఒకే అర్థం వచ్చేది. దాన్ని నేను తెర మీద చూశాను. మా ఆవిడకు చూపించాను. బావకు చూపించాను. అతని చేత గట్టిగా చదివించాను. బస్సులో తిరిగి వచ్చేటప్పుడు ముందు సీటాయనకు కూడా చూపించాను. ఆయనకు నా మీద అనుమానం వచ్చి వేరే సీటుకు పోయాడు.

రిజిస్టరు చేసేటప్పుడు సలోమి ఒక మాట అడిగింది. "పాత పేరు కొట్టినవాళ్లు నేరుగా కొత్తదానికి వచ్చేటట్లు పెట్టేదా అన్నా? అంతమంది ఊరికే పోతారు గదా."

"పోనీ తల్లీ," అన్నాను.

పోయారు. ఒక్కరు కూడా మిగలకుండా పోయారు. కొత్త వెబ్‌సైటు ఆమె చెప్పినట్టే నెమ్మదిగా, నెలల మీద పైకి రావడం మొదలుపెట్టింది. నా ఫోను మాత్రం అటక మీద పెట్టిన పాత రేడియోలా మూగపోయింది. ఒకరోజు సాయంత్రం నాయన నీళ్ల తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటూ నన్ను పిలిచాడు.

"ఏమిరా బ్రమ్మం, ఫోన్లు నిలిచిపాయ?"

"పేరు మార్చినాము గదా నాయనా."

"పాత పేరే మేలు గదరా," అన్నాడు, నిజంగా బాధపడుతూ. "పాపం, ఎంతమంది భక్తులు అడుగుతాండ్రి."

ఆ నీళ్ల తొట్టి పక్కనే నిలబడి, సగం చెక్కిన ఆంజనేయస్వామి ఎదురుగా, నేను గంభీరంగా ఒక శపథం చేశాను. ఇక మీదట ఊరికి కనిపించేలా నేను రాయించే ప్రతి అక్షరాన్నీ ముందుగా పదిమంది చేత పైకి చదివిస్తాను. ఆ పదిమందిలో నేనంటే గిట్టనివాడు ఒకడైనా ఉండేటట్లు చూసుకుంటాను. గోడవైపు ఎవరినైనా తిప్పి కూర్చోబెట్టవలసి వస్తే, నన్నే కూర్చోబెట్టుకుంటాను.